సారెలో వచ్చిన ఐదు లీటర్ల కుక్కర్: పదిహేనేళ్ళ కాపురం తర్వాత నా సమీక్ష

కుక్కర్ కొన్నవాళ్ళు డబ్బా విప్పిన రోజే సమీక్ష రాసేస్తారు. మెరుస్తోంది, బరువుగా ఉంది, ఐదు స్టార్లు. దానితో కాపురం చేశాక చెప్పాల్సిన మాటలు వేరే ఉంటాయి. మాది 2010లో సారెతో పాటు వచ్చిన అల్యూమినియం కుక్కర్. ఐదు లీటర్లది, మూత బయటినుంచి తిప్పి బిగించే రకం. కంపెనీ పేరు చెప్పను. అప్పట్లో నాకు మొత్తం మూడు కుక్కర్లు వచ్చాయి. ఒకటి ఇది. రెండోది మా ఆడపడుచు గృహప్రవేశానికి వెళ్ళింది. మూడోది అటక మీద కొన్నాళ్ళుండి ఎవరి పెళ్ళికో బహుమతిగా వెళ్ళిపోయింది. ఇచ్చినవాళ్ళ ఇంటికే తిరిగి చేరిందేమోనని మా ఆయనకి ఇప్పటికీ అనుమానం.

ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఏడాదిలో సగం రోజులు మా అత్తయ్యగారు. వాడకం అంటే రోజుకి రెండుసార్లు, పండగలకి లెక్కలేదు.

ముందు పని సంగతి చెప్తాను. కందిపప్పు కడిగి అరగంట నానబెట్టి, చిటికెడు పసుపు, చుక్క నూనె వేసి పెడితే, దించాక గరిటెతో నాలుగుసార్లు మెదిపితే చాలు, ముద్దపప్పు తయారు. నూనె చుక్క రుచికి కాదు, నురగ పొంగి విజిల్ గొట్టంలోకి ఎక్కకుండా ఉండడానికి. మామూలు గిన్నెలో నీళ్ళు ఎంతసేపు మరిగినా 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. మూత బిగించి ఆవిరిని లోపలే ఆపితే 120 దాకా వెళ్తాయి. గంట పట్టే పప్పు పది, పదిహేను నిమిషాల్లో అయిపోవడానికి కారణం అదే. టమాటాలు, చింతపండు పప్పుతో పాటే పడేసి, ఉడకలేదని కుక్కర్‌ని తిట్టకండి. పులుపు పడితే పప్పు త్వరగా మెత్తబడదు. బోరు నీళ్ళయితే మరీను. ఈ ముక్క మా అత్తయ్యగారు నాకు మొదటివారంలోనే చెప్పారు, తర్వాత వచ్చిన ప్రతివారమూ చెప్పారు.

ఇక విజిల్. కంపెనీవాళ్ళు దాన్ని వంటకోసం పెట్టామనుకుంటున్నారు. మా ఇంట్లో అది మొగుడూపెళ్ళాల మధ్య మాట్లాడుకోవడానికి ఒక విషయం. నేను స్నానానికి వెళ్తూ, "ఏవండీ, నాలుగు విజిల్స్ రాగానే స్టవ్ కట్టేయండి" అంటాను. "ఊఁ" అంటారు. ఆ ఊఁ నాకు చెప్పిందో ఫోన్లో వీడియోకి చెప్పిందో దేవుడికే తెలియాలి. బయటికొచ్చాక మా సంభాషణ ఇలా ఉంటుంది.

"ఎన్ని వచ్చాయి?"

"వచ్చాయి."

"ఎన్ని?"

"నువ్వు చెప్పినన్ని."

"నేనెన్ని చెప్పాను?"

ఇక్కడ ఆయనకి ఆఫీసు ఫోనొస్తుంది. ఎప్పుడూ ఇక్కడే వస్తుంది.

ఒకవేళ నిజంగానే లెక్కపెట్టినా గొడవే. పూర్తిగా కూయకుండా బుస్సుమని ఆగిపోయినదాన్ని విజిల్ కింద తీసుకోవాలా వద్దా? ఆయన వాదన ప్రకారం అలాంటివి రెండు కలిస్తే ఒకటి. నేనైతే అసలు ఒప్పుకోను. పదిహేనేళ్ళయినా ఈ కేసు తేలలేదు.

మేముండేది కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్, వంటిళ్ళ కిటికీలన్నీ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. పొద్దున ఏడున్నరకి ఆ సందులో ఎవరి కుక్కర్ కూసిందో చెప్పడం కష్టం. మా ఆయన పై ఫ్లాట్‌వాళ్ళ విజిల్స్ రెండు, పక్కింటివాళ్ళది ఒకటి, మాది ఒకటి కలిపి నాలుగనుకుని స్టవ్ కట్టేసిన రోజులున్నాయి. ఆ పూట పప్పు పంటికింద పలుకుపలుకుగా తగులుతుంటే, "కొంచెం పలుకుంటేనే పప్పు బాగుంటుంది" అంటూ ఆయన ఒక్కరే మారు వడ్డించుకుని తిన్నారు. పక్కింటి పిన్నిగారైతే మా కుక్కర్ గొంతు గుర్తుపడతారు. "ఏమ్మా, ఇవాళ మీది ఎనిమిదైనా కూయలేదు, ఊరెళ్ళారేమో అనుకున్నా" అని అడిగారోసారి. సీసీ కెమెరా పెట్టించుకునే ఖర్చు తప్పింది మాకు.

పిల్లలు పుట్టాక ఈ కుక్కర్‌లో అసలైన లోపం బయటపడింది. మా పెద్దది పసిపిల్లగా ఉన్నప్పుడు మిక్సీ తిరుగుతున్నా నిద్రపోయేది. పైఇంట్లో గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నా నిద్రపోయేది. కుక్కర్ మొదటి విజిల్‌కి మాత్రం రెండు చేతులూ పైకెత్తి ఉలిక్కిపడి లేచేది. జోకొట్టి జోకొట్టి చెయ్యి పడిపోయాక, ఇక పడుకుందిలే అని ఊపిరి పీల్చుకునే సమయానికి సరిగ్గా వంటింట్లోంచి కూత. అప్పుడు మా ఆయన అటకెక్కి డబ్బా దించి, అందులో పెళ్ళినాటినుంచీ ఎవరూ తెరవని బుక్‌లెట్ బయటికి తీశారు. మా కాపురం ఒక మలుపు తిరిగింది.

అందులో విజిల్స్ లెక్కే లేదు. నిమిషాలే ఉన్నాయి. మొదటి విజిల్ రాగానే మంట సన్నం చేసి, అక్కడినుంచి గడియారం చూసుకోమన్నారు. విషయం సబబుగానే ఉంది. విజిల్ వచ్చిందంటే లోపల ఉండాల్సినదానికంటే ఆవిరి ఎక్కువైంది, పైకి వదిలేస్తోంది అని అర్థం. మంట పెద్దదైతే గబగబా ఆరు కూతలు కూస్తుంది, చిన్నదైతే పావుగంటకి రెండు. అంటే ఎన్ని కూతలు కూసిందన్నదానికీ ఎంత ఉడికిందన్నదానికీ పెద్ద సంబంధం లేదు. సన్నటి మంట మీద ఆ వేడి అలాగే నిలబడుతుంది, గ్యాసూ తక్కువ ఖర్చవుతుంది, అన్నిటికంటే ముఖ్యం, పిల్ల లేవదు. ఒక్క మొదటి విజిల్‌కి మాత్రం ఈయన పడకగది తలుపు వేసి, కింద సందులో దుప్పటి కుక్కి, లోపల నిలబడి పిల్ల చెవుల దగ్గర చేతులు అడ్డం పెట్టేవారు.

మా అత్తయ్యగారు దీన్ని ఒప్పుకోలేదు. "కూత వినపడకుండా ఉడికిందని ఎలా తెలుస్తుందిరా?" అన్నది ఆవిడ ప్రశ్న. ఈయన ఒత్తిడి, ఉష్ణోగ్రత అంటూ ఏదో మొదలుపెడితే, "నిన్ను పెంచింది విజిల్స్‌తోనే" అని ఒక్క మాటలో తేల్చేశారు. అప్పట్నుంచీ ఇంట్లో రెండు పార్టీలు. నిమిషాల పార్టీలో ఈయన ఒక్కరే. విజిల్స్ పార్టీకి అత్తయ్యగారు అధ్యక్షురాలు. నేను ఆవిడున్నప్పుడు విజిల్స్, ఆవిడ తెనాలి వెళ్ళాక నిమిషాలు.

మా చిన్నోడికి నాలుగేళ్ళప్పుడు ఈ రెండు పార్టీలకీ పిచ్చెక్కిన వారం ఒకటుంది. మూడు విజిల్స్‌కి కట్టేసిన బంగాళాదుంపలు రాయిలా ఉంటున్నాయి. కందిపప్పు కుంకుడుగింజల్లా ఉంటోంది. రబ్బరు మార్చాం, వెయిట్ కడిగాం. గొట్టంలో ఏమైనా ఇరుక్కుందేమోనని ఈయన మూత తీసి వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసుకుని చూశారు. (ఇది మాత్రం నిజంగా చేయాల్సిన పనే. గొట్టంలోంచి వెలుతురు కనపడకపోతే కుక్కర్ పెట్టకండి.) చివరికి ఒకరోజు కుక్కర్ స్టవ్ మీద పెట్టకముందే విజిల్ వినిపించింది. వంగి చూస్తే డైనింగ్ టేబుల్ కింద వీడు. పెదవులు సున్నాలా చుట్టి, ముందు సన్నగా సర్‌ర్ అని మొదలుపెట్టి, గొంతు పెంచుకుంటూ పోయి, చివర్లో తుప్పర్లతో సహా దించాడు. అచ్చం మా కుక్కరే. తిట్టడానికి నోరు రాలేదు. అత్తయ్యగారైతే ఇంకోసారి కూయమని అడిగి మరీ విన్నారు.

విడిభాగాల సంగతికొస్తే, చిన్నపిల్లలున్న ఇల్లయితే వెయిట్ ఒకటి, రబ్బరు ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి. రబ్బరు మా వాడికి ఆర్టీసీ బస్సు స్టీరింగ్. సోఫా చేతిమీద కూర్చుని మియాపూర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా దాంతోనే నడిపేవాడు. అలా లాగీ లాగీ సాగిపోతే మూత పక్కల్నుంచి ఆవిరి పోయి విజిలే రాదు. సాగినదాన్ని కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి వేస్తే ఒకటి రెండు పూటలు గడుస్తుంది, అది తాత్కాలికమే. ఎలాగూ ఏడాదికో రబ్బరు మార్చాల్సిందే. కొనేటప్పుడు అదే కంపెనీది, అదే సైజుది అడగండి. మా వీధి చివర సామాన్ల కొట్టాయన "అన్నిటికీ ఇదే సరిపోద్దమ్మా" అని ఇచ్చినది మా కుక్కర్‌కి తప్ప అన్నిటికీ సరిపోయేలా ఉంది.

వెయిట్ కథ వేరు. ఒక ఆదివారం కోడికూర పెడదామంటే కనపడలేదు. సింకు, చెత్తబుట్ట, ఫ్రిజ్ కింద, అన్నీ వెతికాం. "నువ్వే ఎక్కడో పెట్టావు", "మీరే కడిగి పెట్టారు" అన్న వాదన పెళ్ళిచూపుల దాకా వెళ్ళింది. సాయంత్రానికి బాల్కనీలో మా పెద్దదాని బొమ్మల గుడిలో దొరికింది. పీట మీద మందారపువ్వు, దాని ముందు ఇడ్లీప్లేటు, ఆ ప్లేటు మధ్యలో మా వెయిట్ శివలింగమై కూర్చుంది. మూడు అడ్డగీతల విభూతి, కుంకుమబొట్టు, అభిషేకానికి పెరుగు. తీయబోతే ఒకటే ఏడుపు. ఉద్వాసన చెప్పకుండా దేవుణ్ణి కదపకూడదని మా అత్తయ్యగారు మనవరాలి పక్షం. ఆ పూట కోడికూర మామూలు గిన్నెలో, గంటన్నర. తర్వాత వెయిట్ కన్నంలో ఎండిన విభూతి, పెరుగు వదలడానికి పిన్నీసుతో పొడుస్తూ నేను అనుకున్నవి ఆ శివయ్య విని ఉంటే క్షమించుగాక.

భద్రత విషయంలో దీనికి నేను పూర్తి మార్కులిస్తాను, అది కూడా అనుభవంమీదే. చుట్టాలొస్తున్నారని మా ఆయన ఒక్కసారే అయిపోతుందన్న ఉత్సాహంతో పాలకూరపప్పు కుక్కర్ అంచు దాకా నింపారు. పప్పులాంటి ఉబ్బేవి సగానికి మించకూడదని ఆయన బుక్‌లెట్‌లోనే ఉంది. ఆకు వెళ్ళి గొట్టానికి అడ్డం పడింది, విజిల్ రాలేదు, కాసేపటికి మూత మీదున్న సేఫ్టీ వాల్వ్ పోయింది. గొట్టం మూసుకుపోయినా, నీళ్ళు ఇంకిపోయినా, వేడి హద్దు దాటితే ఆ వాల్వ్‌లోని లోహం కరిగి ఆవిరికి దారి వదులుతుంది. అది దాని పని, చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. పప్పు మాత్రం సీలింగ్‌కి ఆకుపచ్చగా అతుక్కుంది. చుట్టాల్లో ఒకాయన తల పైకెత్తి, "డిజైనా?" అని అడిగారు. "పుట్టీ" అన్నారు మా ఆయన. పోయిన వాల్వ్ స్థానంలో కంపెనీ వాల్వే వేయించండి, నాటుగా ఏదో బిగించి ఇస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

లోపాలు లేకపోలేదు. పిడి మరలు వదులవుతూనే ఉంటాయి, ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మా ఆయనకి ఇంటిపని చేశాననిపించుకునే మార్గం. కుక్కర్లో నీళ్ళు పోసి గిన్నెలు పెట్టి వండితే అడుగు నల్లబడుతుంది. పిండేసిన నిమ్మచెక్క ఒకటి ఆ నీళ్ళలో వేస్తే చాలు. ఇండక్షన్ స్టవ్ మీద ఈ పాత అల్యూమినియంది పనిచేయదు. అందుకని ఆ మధ్య మూడు లీటర్ల స్టీలుది కూడా కొన్నాం. చూడ్డానికి బాగుంది, త్వరగా అడుగంటుతుంది, దాని విజిల్ మా చిన్నోడికి నచ్చలేదు.

మా పెద్దదానికి స్కూల్లో ప్రాజెక్టు ఇస్తే నాన్న సాయంతో కుక్కర్ చరిత్ర రాసుకెళ్ళింది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచాయన లండన్‌లో ఉండగా, ఎముకలు కూడా మెత్తబడేలా ఆవిరి ఒత్తిడితో ఉడికించే పాత్ర తయారుచేశాడట. ఈయన ఎంతో శ్రద్ధగా ఇదంతా చెప్తే అది అడిగిన ప్రశ్న ఒక్కటే. "డాడీ, వాళ్ళింట్లో విజిల్స్ ఎవరు లెక్కపెట్టేవాళ్ళు?"

కొత్తగా కొనేవాళ్ళకి నా సలహా. ఇద్దరే అయితే మూడు లీటర్లు చాలు, పిల్లలూ అత్తమామలూ ఉంటే ఐదు. ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 ఫిబ్రవరి నుంచి ఇంటి కుక్కర్లకి అది తప్పనిసరి. హాకిన్స్‌లా మూత లోపలికి దూర్చి బిగించే రకమైతే లోపల ఒత్తిడి ఉన్నంతసేపూ మూత ఊడిరాదు. అయితే కొత్తల్లో మీ ఆయన దాన్ని వంకరగా దూర్చి, ఇరికించి, మిమ్మల్ని కేకేస్తారు. బయటి మూతవి పెట్టడం తేలిక, ఆవిరి పూర్తిగా పోయేదాకా ఆగే ఓపిక మాత్రం మీకే ఉండాలి. ఏ రకం కొన్నా డబ్బాలో ఉన్న బుక్‌లెట్ ముందు మీరు చదివి, అత్తగారు ఊళ్ళో లేనప్పుడు ఆయనకివ్వండి.