భాటియా బ్యాటరీ కొనాలా? శ్రీకాకుళం, విజయనగరం బళ్ళకు ఒక సమీక్ష

పెట్టె కొనండి, దానితో వచ్చే, మార్కుల్ని ఐక్యూగా మార్చే పట్టికను మాత్రం పక్కన పెట్టండి. తెలివిని కొలిచే ఐదు పరీక్షల పెట్టె అయిన భాటియా పెర్ఫార్మెన్స్ బ్యాటరీ గురించి ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఇక్కడ నడిచే భవిత కేంద్రాల టీచర్లకీ (ఐఈఆర్‌పీలు), హైస్కూళ్ళ కౌన్సెలర్లకీ, సైకాలజీ ప్రాక్టికల్స్ ఉన్న కాలేజీలకీ చెప్పాల్సింది ఇదే. అమ్మేవాళ్ళు మొదటి సగమే చెబుతారు. కొన్నవాళ్ళు రెండో సగం తెలుసుకునేసరికి కొందరు పిల్లల రికార్డుల్లో అంకెలు ఎక్కిపోయి ఉంటాయి.

సి.ఎం. భాటియా దీన్ని ఉత్తరప్రదేశ్‌లో తయారుచేశారు, పుస్తకం 1955లో వచ్చింది. చదువు రాని పిల్లల తెలివిని కూడా కొలవాలన్నది ఆయన ఉద్దేశం. అందుకే ఐదింట్లో నాలుగు చేత్తో చేసే పనులే. కోహ్స్ రంగు దిమ్మెల్ని కార్డు మీద ఉన్నట్టు పేర్చే డిజైన్లు 10, ట్రేలో బిళ్ళల్ని జరిపే అలెగ్జాండర్ పాస్ అలాంగ్ 8, పెన్సిలు ఎత్తకుండా, గీసిన గీత మీద మళ్ళీ గీయకుండా వేసే ప్యాటర్న్ డ్రాయింగ్ 8, విన్నవాటిని అదే వరసలోనూ తిరగేసీ చెప్పే తక్షణ స్మృతి, ముక్కలు పేర్చి పూర్తిచేసే బొమ్మలు 5. మార్కులు వరసగా 25, 20, 20, 15, 15. మొత్తం 95. కోహ్స్‌లో మొదటి ఐదు కార్డులకు రెండేసి నిమిషాలు, మిగతా ఐదింటికి మూడేసి. పాస్ అలాంగ్‌కీ ప్యాటర్న్ డ్రాయింగ్‌కీ మొదటి నాలుగు రెండేసి, తర్వాతి నాలుగు మూడేసి. గడువులోపల ఎంత తొందరగా చేశాడన్నది కూడా మార్కులోకి వస్తుంది కాబట్టి స్టాప్‌వాచ్ లేకుండా మొదలుపెట్టొద్దు. ఫోన్‌లో టైమర్ పెడితే మధ్యలో కాల్ వస్తుంది, పిల్లాడి చూపు దాని మీదకే పోతుంది.

ఇక వస్తువు నాణ్యత. ఇది సరఫరాదారుని బట్టి మారుతుంది. పెట్టె రాగానే సంతకం పెట్టేయకుండా ఒక గంట కూర్చుని చూసుకోవాలి.

కోహ్స్ దిమ్మెకు ఆరు ముఖాలు: ఎరుపు, తెలుపు, పసుపు, నీలం, మూలకు కోసిన ఎరుపు-తెలుపు, అలాగే నీలం-పసుపు. చవక సెట్లలో పసుపు రంగు వెలిసి తెలుపుతో కలిసిపోతుంది. ట్యూబ్‌లైటు కింద పెద్దవాళ్ళే తడబడతారు. కార్డు మీద రంగూ దిమ్మె మీద రంగూ కలవకపోతే పిల్లాడు డిజైన్‌తో కాకుండా రంగుతో కుస్తీ పడతాడు. అన్ని దిమ్మెలూ పక్కపక్కన పేర్చి పైన స్కేలు పెట్టి చూడండి. ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉంటే సెట్ తిప్పి పంపాలి. తర్వాత ఒక దిమ్మె పోతే కొత్త సెట్ కొననక్కర్లేదు, కొలత ఇచ్చి వడ్రంగి చేత చేయించుకోవచ్చు. బొబ్బిలి వీణలు చెక్కే జిల్లాలో అదేమంత పని కాదు. రంగు మాత్రం పాతవాటితో సరిచూసి వేయించాలి.

ఎక్కువ ఇబ్బంది పెట్టేది పాస్ అలాంగ్. ట్రేకు ఒక చివర ఎరుపు, ఇంకో చివర నీలం ఉంటాయి. లోపలి బిళ్ళల్ని పైకి ఎత్తకుండా, ఒకదాన్నొకటి దాటించుకుంటూ జరిపి, ఏ రంగు బిళ్ళను ఆ రంగు చివరకు చేర్చాలి. బిళ్ళకీ ట్రే అంచుకీ మధ్య సందు చాలా తక్కువ. సముద్రం పక్క జిల్లాలు కదా, వానాకాలంలో చెక్క చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. సోంపేట, భోగాపురం వైపు బళ్ళలో బీరువాలో పెట్టినా ఇదే పరిస్థితి. బిళ్ళ ఇరుక్కుంటే పిల్లాడు గోరుతో పైకి లేపుతాడు, అది తప్పు కింద పడుతుంది. లేపకపోతే పది సెకన్లు పోతాయి, మార్కు తగ్గుతుంది. ఏ రకంగా చూసినా కొలిచింది చెక్క ఉబ్బునే. పరీక్షకు ముందురోజు ట్రేలన్నీ ఒకసారి ఆడించి చూడండి. బిగిస్తే సన్న గరుకు కాగితంతో అంచులు తేలిగ్గా రుద్దితే చాలు. నూనె రాయొద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది.

బొమ్మల ముక్కల్లో వేరే చిక్కు ఉంది. ఐదు బొమ్మలకు వరసగా 2, 4, 6, 8, 12 ముక్కలు. అట్ట ముక్కలకు లామినేషన్ మూలల్లో లేచిపోతే, అలా లేచిన రెండు మూలల్ని చూసి కలిపేస్తారు తెలివైన పిల్లలు. బొమ్మ వైపు చూడనక్కర్లేదు. సర్దుకోవడానికి వీలుగా ఉంటుందని ముక్కల వెనక బాల్‌పెన్నుతో అంకెలు వేసే అలవాటు కూడా ఉంది మనవాళ్ళకు. ఒక ముక్క తిరగబడిందంటే జవాబు చేతికిచ్చినట్టే. గుర్తులు ముక్కల మీద వద్దు, ఒక్కో బొమ్మకు ఒక్కో కవరు పెట్టి కవరు మీద రాయండి.

తక్షణ స్మృతిలో అంకెలు ఏ భాషలో చదవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. పలకడానికి ఎక్కువ సేపు పట్టే పేర్లయితే తక్కువే గుర్తుంటాయని వెల్ష్, ఇంగ్లీషు అంకెల మీద జరిగిన పరిశోధనల నుంచి తెలిసిన సంగతే. మన ‘ఒకటి, రెండు, మూడు’ కన్నా ‘వన్, టూ, త్రీ’ పొట్టివి. ఇప్పుడు జెడ్పీ హైస్కూల్లో కూడా పిల్లలు అంకెలు ఇంగ్లీషులోనే అంటున్నారు. ఒకరికి తెలుగులో, ఇంకొకరికి ఇంగ్లీషులో చదివి ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెడితే ఆ పోలిక చెల్లదు. ఏదో ఒకటి ఖాయం చేసుకుని, సెకనుకొకటి చొప్పున, రాగం తీయకుండా చదవాలి. ఏ భాషలో చదివారో షీటు మీద రాయాలి. ఇచ్ఛాపురం ఒడియా పిల్లలకీ, మందస, మెళియాపుట్టి సవర పిల్లలకీ ఇంటి భాష తెలిసిన మనిషి పక్కన ఉండాల్సిందే.

సూచనలు కూడా బడి పుస్తకం తెలుగులో చదివి వినిపిస్తే పని జరగదు. ‘బిళ్ళలను స్థానభ్రంశం చెందించుము’ అన్న అనువాదంతో తిరుగుతున్న జిరాక్సు షీట్లు ఉన్నాయి. ‘బిళ్ళ పైకి తియ్యొద్దు, ఇలా తోసుకుంటూ తీసుకెళ్ళు’ అంటే ఆరో తరగతి పిల్లకు అర్థమవుతుంది. ఒకరు తెలుగు చేశాక, అసలు ఇంగ్లీషు చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషు చేయించండి. రెండు ఇంగ్లీషులూ ఎక్కడ తేడా వచ్చాయో అక్కడ తెలుగు దిద్దాలి. ఐదారుగురు పిల్లల మీద ప్రయోగించి చూశాక మాట మార్చకుండా అచ్చు వేసుకోండి. పరీక్ష చేసేవాళ్ళు ప్రోత్సాహం పేరుతో ‘అటు కాదు నాయనా, ఇటు చూడు’ అనడం మొదలుపెడితే ఆ కార్డు లెక్కలోకి రాదు.

ఇప్పుడు పట్టిక సంగతి. భాటియా ప్రమాణాలు (ఎన్ని మార్కులు వస్తే సగటో చెప్పే లెక్కలు) తీసింది 11 నుంచి 16 ఏళ్ళ ఉత్తరప్రదేశ్ అబ్బాయిల మీద. చదువు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ వేరుగా తీశారు, ఆ రోజుల్లో అది మంచి పనే. కానీ అమ్మాయిలు లేరు. పైగా ఏడు దశాబ్దాల నాటి మాట. చాలా దేశాల్లో ఐక్యూ మార్కులు దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చాయి. పాత పట్టికతో చూస్తే ఇవాళ్టి పిల్లలు ఉన్నదానికన్నా తెలివైనవాళ్ళుగా కనిపిస్తారు, సాయం అందాల్సిన పిల్లాడు ‘సగటు’లో కలిసిపోతాడు.

అమ్మాయిల విషయంలో ఇంకో ముడి ఉంది. చుక్కల చుట్టూ మెలిక ముగ్గు వేసే పిల్లను గమనించండి: చెయ్యి ఆపకుండా, వేసిన గీత మీదకు మళ్ళీ రాకుండా తిప్పి మొదటి చోటికి తెస్తుంది. ప్యాటర్న్ డ్రాయింగ్ అడిగేది దాదాపు అదే. ధనుర్మాసమంతా వాకిట్లో సాధన చేసిన పిల్లకు 20 మార్కుల ఈ పరీక్షలో లాభం ఉండే అవకాశం ఉంది. అబ్బాయిల పట్టికతో ఆమె ఐక్యూ తీస్తే అందులో తెలివెంతో ముగ్గెంతో ఎవరూ చెప్పలేరు. చేత్తో చేసే పరీక్ష కాబట్టి సంస్కృతి ప్రభావం ఉండదని కేటలాగులు అంటాయి. సంక్రాంతి ముందు ఈ జిల్లాల్లో ఏ వీధిలో నడిచినా ఆ మాట నిలబడదు.

పట్టిక సరైనదే అనుకున్నా, ఒక్క అంకెను నమ్మకూడదు. ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత పరుచుకున్నాయన్నది) 15, విశ్వసనీయత (మళ్ళీ పెట్టినా అదే మార్కు వచ్చే నమ్మకం) 0.85 ఉన్న పరీక్షలో కొలత ప్రామాణిక దోషం సుమారు 6 పాయింట్లు ఉంటుంది. దానికి రెండింతలు అటూ ఇటూ వేసుకుంటే, 72 వచ్చిన పిల్లాడి అసలు స్థాయి 60కీ 84కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 70 దగ్గర గీత గీసి, మేధో వైకల్యం ఉందనో లేదనో అటో ఇటో తోసేసేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. సదరం వైకల్య ధ్రువపత్రానికి ఈ పరీక్ష అంకెను ఆధారం చేయకండి. ఆ నిర్ధారణ ప్రభుత్వాసుపత్రి వైద్యులదీ, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) నమోదున్న క్లినికల్ సైకాలజిస్టులదీ. అందులో రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలడా అన్నది కూడా కొలవాలి.

వేరే ఏం కొనొచ్చు? క్లాసు మొత్తానికి ఒకేసారి పెట్టాలంటే బొమ్మల్లో ఖాళీకి సరిపోయే ముక్కను ఎంచుకునే రేవెన్ స్టాండర్డ్ మ్యాట్రిసెస్, 60 ప్రశ్నలు, మాటలతో పనిలేదు. చిన్నపిల్లలకు దాని రంగుల రూపం, 36 ప్రశ్నలు. మాలిన్ గారి భారతీయ పిల్లల తెలివి పరీక్ష మిసిక్ ఆరేళ్ళ నుంచి పనికొస్తుంది, కానీ దాని మాటల భాగం తెలుగు చేసుకోవడమే పెద్ద పని. పెద్దవాళ్ళకు చండీగఢ్ పీజీఐ వైద్య సంస్థ బ్యాటరీలో కోహ్స్, పాస్ అలాంగ్ మాత్రమే తీసుకున్న పొట్టి భాటియా ఉంది. వేలిముద్రలు చూసి తెలివి చెబుతామనే డీఎంఐటీ జోలికి మాత్రం పోవద్దు, దానికి శాస్త్రీయ ఆధారం లేదు.

మరి ఈ పెట్టెకు వీటిలో దేనికీ లేనిది ఏమిటంటే, పిల్లాడు ఆలోచించే తీరు ఎదురుగా కనబడుతుంది. దిమ్మెల్ని తిప్పి తిప్పి చూస్తాడా, చూసి ఒకేసారి పెడతాడా, చిక్కుకుంటే చెదరగొట్టి మళ్ళీ మొదలెడతాడా. దీనికోసమే కొనాలి, షీటు మీద ఇదే రాయాలి.

అంకె కూడా కావాలంటే సొంత ప్రమాణాలు తీయడమే దారి. 11 నుంచి 16 వరకు ఆరు వయసులు, ఒక్కో వయసుకు 50 మంది అబ్బాయిలు, 50 మంది అమ్మాయిలు అంటే 600 మంది. ఒక్కొక్కరికి గంటకు అటూ ఇటూ. ఇద్దరు పరీక్షకులు రోజుకు నలుగురేసి చొప్పున చేస్తే 75 పనిదినాలు. ఒక్క మండలం చేయలేదు, రెండు జిల్లాల కాలేజీలు పంచుకుంటే ఒక విద్యాసంవత్సరంలో అయిపోతుంది. జెడ్పీ బళ్ళు, ప్రైవేటు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు జిల్లాలో ఏ నిష్పత్తిలో ఉన్నాయో ఎంపికలోనూ ఆ నిష్పత్తే ఉండాలి. టౌను బళ్ళు దగ్గరున్నాయని వాటితో నింపేస్తే మందస సవర పిల్లాడు మళ్ళీ పరాయి పట్టికతోనే కొలవబడతాడు. ఐక్యూగా మార్చకుండా పర్సెంటైల్ (వందమందిలో ఎంతమంది కన్నా ముందున్నాడన్నది) ఇస్తే చాలు. విశ్వసనీయత కోసం 40, 50 మందికి మూడు నాలుగు వారాల తర్వాత మళ్ళీ పెట్టాలి. పాస్ అలాంగ్ ఒకసారి దారి దొరికితే గుర్తుండిపోతుంది కనుక రెండోసారి మార్కులు పెరుగుతాయి. ఆ పెరుగుదలను విడిగా చూపించండి, లేకపోతే మరుసటి ఏడాది అదే పిల్లాడికి మళ్ళీ పెట్టినవాళ్ళు అతను బాగుపడ్డాడని రాసేస్తారు.