అమ్మతో ఫిలడెల్ఫియా: గోడ మీద మగ్గం వర్క్

2024 నవంబరులో ఒక శనివారం, గుంటూరు నుంచి వచ్చిన అమ్మని తీసుకుని న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియా బయల్దేరాను. ట్రెంటన్ దాకా న్యూజెర్సీ వాళ్ల ఎన్‌జే ట్రాన్సిట్ రైలు, అక్కడ ఫిలడెల్ఫియా వాళ్ల సెప్టా రైలు. దూరప్రయాణాల ఆమ్‌ట్రాక్ రైలు కంటే బాగా చవక, కాకపోతే ట్రెంటన్‌లో చలికి వణకాలి. సబర్బన్ స్టేషన్‌లో దిగి బార్న్స్ ఫౌండేషన్ అనే ఆర్ట్ మ్యూజియంకి నడిచిపోవచ్చు. మంగళ, బుధవారాలు సెలవు. పెద్దల టికెట్ 30 డాలర్లు, వరసగా రెండు రోజులు చెల్లుతుంది.

మేం వెళ్లింది చిత్రకారిణి మికలీన్ థామస్ ప్రదర్శన ‘ఆల్ అబౌట్ లవ్’ కోసం. ఆవిడ 1971లో పుట్టింది డెలావేర్ నదికి అవతలి ఒడ్డునున్న క్యామ్‌డెన్‌లోనే. బొమ్మల నిండా నల్లజాతి స్త్రీలే: స్నేహితులు, ప్రేమించినవాళ్లు, ఒకప్పుడు మోడల్‌గా చేసిన వాళ్లమ్మ సాండ్రా బుష్.

“ఒసేయ్, ఇది మగ్గం వర్కే కదే!” అంది అమ్మ, లోపలికి అడుగుపెట్టగానే. నిజమే. జుట్టు అంచులూ పెదాల గీతలూ రంగు మీద ఒక్కొక్కటిగా అతికించిన రాళ్లే. ఒక అడుగు పక్కకి జరిగితే మెరుపు ఇంకోచోటికి పోతుంది. వాళ్లు కూర్చున్న సోఫాలు పాతచీరల బొంతలా రకరకాల ప్రింట్లతో ఉన్నాయి. అమ్మ వేలు చాచి మరీ ముందుకెళ్తుంటే గార్డు రెండుసార్లు వెనక్కి జరగమంది. మర్యాదగానే చెప్పింది, అయినా అమ్మ కాసేపు ముఖం ముడుచుకుంది.

బార్న్స్ సొంత గదుల్లో ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ బొమ్మలే 181 ఉన్నాయి. పక్కన పేర్లుండవు, ఫోన్‌లో చూసుకోవాలి. పెద్దవాళ్లకి అది చిరాకే. ఒళ్లు విరుచుకున్న ఆడవాళ్లు అక్కడా బోలెడుమంది. వాళ్లని దాటుకుంటూ అమ్మ అంది: “వీళ్లని ఎవరో పడుకోమన్నట్టుంది. ఇందాకటావిడ తనింట్లో తను కూర్చుంది. మనల్నే ఎవరు మీరు అన్నట్టు చూస్తోంది.”

భోజనం రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌లో. ఆదివారం ఆమిష్‌వాళ్ల (పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవులు) కొట్లుండవు కాబట్టి శనివారమే తినెయ్యండి. హోటల్ మాత్రం దండగ. పేరెందుకు గానీ, రాత్రంతా హీటర్ రోలు రుబ్బినట్టు మోత.

నిద్రపట్టక అమ్మ చీకట్లో అడిగింది. “ఆ టికెట్ రేపు కూడా పనిచేస్తుందన్నావు కదా?”