క్లాంటార్ఫ్ చరిత్ర నడక: బ్రయాన్ బోరూ చివరి రోజు బాగా చూపించారు, మిగిలిన జీవితాన్ని వదిలేశారు

డబ్లిన్‌లోని క్లాంటార్ఫ్ తీరం వెంట గైడ్‌తో కలిసి సాగే మూడు గంటల చరిత్ర నడకకు ఈమధ్య వెళ్లి వచ్చాను. 1014 ఏప్రిల్ 23న, గుడ్‌ఫ్రైడే నాడు, సేనలు గెలిచినా ఐర్లండ్ రాజు బ్రయాన్ బోరూ హతుడైన యుద్ధం గురించిన నడక ఇది.

గైడ్ సముద్రపు గోడ మీద పటం పరిచి, అందులోని బుల్ ఐలాండ్‌ను అరచేత్తో మూసి, ఆనాడు ఈ దీవి లేదనీ, పందొమ్మిదో శతాబ్దంలో గోడ కట్టాక ఇసుక మేట వేసి ఏర్పడిందనీ వివరించారు. చెయ్యి అడ్డుపెట్టిన ఆ పటం చూశాకే, పోటు నీరు ఓడలకు దారి మూసేయడంతో ఓడినవారు ఎలా చిక్కుకుపోయారో, వారిని తరుముతూ వెళ్లిన రాజుగారి మనవడు నీట మునిగి చనిపోయాడన్న పాత కథనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బోధపడింది. బ్రయాన్ కొడుకు మురహద్ కూడా ఆ రోజే నేలకొరిగాడు.

స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగులను ఐరిష్‌వారు తరిమికొట్టిన యుద్ధమన్న ప్రచారాన్ని గైడ్ నిక్కచ్చిగా తోసిపుచ్చడం నాకు ఎంతో నచ్చింది. బ్రయాన్‌పై తిరుగుబాటుకు నాయకత్వం వహించిన లీన్‌స్టర్ రాజు మాల్ మోర్డ ఐరిష్‌వాడే, పైగా బ్రయాన్‌కు బావమరిది. అతనితో చేతులు కలిపిన డబ్లిన్ వైకింగు రాజు సిట్రిక్, బ్రయాన్ భార్య గోర్మ్‌లాకు మొదటి పెళ్లి వల్ల కలిగిన కొడుకు, బ్రయాన్ కూతురిని చేసుకున్న అల్లుడు కూడా. యుద్ధం తర్వాత సిట్రిక్ ఎక్కడికీ పోలేదు, 1036 వరకు డబ్లిన్‌ను ఏలాడు.

అసంతృప్తి ఒక్కటే. 976లో తన అన్న హత్యకు గురయ్యాక బ్రయాన్ దక్షిణాది రాజ్యమైన మున్‌స్టర్‌ను చేజిక్కించుకోవడం, షానన్ నది మీద పడవలతో పైకి దండెత్తడం, 997లో ఉత్తరాది రాజు మాల్ షెహ్‌నల్‌తో ఐర్లండ్‌ను పంచుకుని 1002లో అతన్నే లొంగదీసుకోవడం, 1005లో ఆర్మా చర్చికి 20 ఔన్సుల బంగారం సమర్పించి మతపెద్దల మద్దతు పొందడం వంటివన్నీ ఐదు నిమిషాల్లో ముగించారు. కిల్లలూ దగ్గరి చిన్న వంశంలో పుట్టినవాడు దేశమంతటికీ రాజెలా అయ్యాడన్నది తెలియకపోతే, అతని చావు ఎందుకంత పెద్ద దెబ్బో కొత్తవారికి అర్థం కాదు. కనీసం అరగంట దానికి కేటాయించాలని గైడ్‌కు చెప్పి వచ్చాను.

అయినా ఈ నడకకు తప్పక వెళ్లమంటాను. తీరంలో గాలి విపరీతం, మందపాటి కోటు వేసుకోండి. నీరు వెనక్కి తగ్గే ఆటు వేళ కాకుండా పోటు వేళ సాగే నడకను ఎంచుకోండి.