నీటి నుంచి హైడ్రోజన్: ప్లాటినమా, ఇరిడియమా, నికెలా?

నీటిని విద్యుత్తుతో విడగొట్టడానికి ఏ ఎలక్ట్రోడు మేలని అడిగితే చాలామంది నోట ముందుగా వచ్చే పేరు ప్లాటినం. హైడ్రోజన్ వెలువడే కాథోడ్ వరకు ఆ మాట నిజమే. ప్లాటినం ఉపరితలం హైడ్రోజన్ పరమాణువును మరీ గట్టిగా పట్టుకోదు, మరీ తేలిగ్గా జారవిడవదు. అందువల్ల కొద్దిపాటి అదనపు వోల్టేజికే వాయువు బయటపడుతుంది.

అయితే అసలు చిక్కంతా ఆక్సిజన్ వెలువడే ఆనోడ్ దగ్గరే. ఒక్కో ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు చేతులు మారాలి, అది నెమ్మదిగా సాగే పని. నీరు విడిపోవడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలు. పరిశ్రమల్లో మాత్రం దాదాపు 1.8 నుంచి 2 వోల్టులు ఇవ్వక తప్పదు. ఈ తేడాలో పెద్ద వాటా ఆనోడ్‌దే కాబట్టి, పోటీని తేల్చాల్సింది కూడా అక్కడే.

ప్రోటాన్లను దాటనిచ్చే పలుచని పొరతో పనిచేసే యంత్రాల్లో పరిసరం ఆమ్లం. అక్కడ నికెల్ కరిగిపోతుంది, కార్బన్ ఆక్సీకరణం చెంది తరిగిపోతుంది. రుథీనియం ఆక్సైడ్ చురుకైనదే, కానీ ఎక్కువ కాలం నిలవదు. చివరికి మిగిలేది ఇరిడియం ఆక్సైడ్. దాని పనితనానికి వంక పెట్టలేం. లభ్యత మాత్రం దయనీయం: ప్లాటినం గనుల ఉపఉత్పత్తిగా ప్రపంచమంతటా ఏడాదికి దొరికేది సుమారు 7, 8 టన్నులే.

క్షార ద్రావణంలో కథ మారిపోతుంది. 25-30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నికెల్ మీద ఏర్పడే ఆక్సైడ్ పొరే దానికి రక్ష. నికెల్, అల్యూమినియం మిశ్రలోహం నుంచి అల్యూమినియాన్ని క్షారంతో కరిగించేస్తే సూక్ష్మరంధ్రాలున్న రేనీ నికెల్ మిగులుతుంది, అది మంచి కాథోడ్. ఆనోడ్ విషయం ఇంకా ఆసక్తికరం. నికెల్ గొప్పతనమని ఎంతో కాలం అనుకున్నదానిలో చాలా భాగం, ద్రావణంలో మలినంగా చేరిన ఇనుము చలవేనని తేలింది. ఇప్పుడు ఆ ఇనుమును కావాలనే కలుపుతున్నారు. మలినానికి ఇంత గౌరవం దక్కడం అరుదు!

నికెల్‌కూ లోపాలున్నాయి. సంప్రదాయ క్షార సెల్‌లో చదరపు సెంటీమీటరుకు 0.2-0.4 ఆంపియర్లే నడుస్తాయి; ఆమ్ల పొర సెల్‌లో 1-2 ఆంపియర్లు సాధారణం. అంటే అంతే హైడ్రోజన్‌కు క్షార యంత్రం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పైగా యంత్రాన్ని ఆపినప్పుడల్లా ఎదురు ప్రవాహం పుట్టి ఎలక్ట్రోడ్లను దెబ్బతీస్తుంది.

మాలిబ్డినం డైసల్ఫైడ్ గురించి చాలా ఆశలు వినిపిస్తుంటాయి. అది ఆమ్లంలో ప్లాటినానికి ప్రత్యామ్నాయం, అంటే కాథోడ్‌కే. ఇరిడియం కొరత దానితో తీరదు.

స్థలం ఇరుకై, సౌర, పవన విద్యుత్తుతో పదేపదే ఆగుతూ నడవాలంటే ఇరిడియం ఆనోడ్, ప్లాటినం కాథోడ్ జోడీ తీసుకోవాలి. నిలకడగా నడిచే పెద్ద కర్మాగారానికైతే నా ఓటు ఇనుము కలిసిన నికెల్‌కే. క్షారంలో పనిచేసే పలుచని పొరలు ఎక్కువ కాలం మన్నే స్థితికి వస్తే, మొదటి పనికీ నికెల్‌నే వాడుకోవచ్చు.