పెగ్ ట్యూబుకి ఇంటికొచ్చే సిస్టర్: నాలుగు స్టార్లు

పక్షవాతం వచ్చాక మా మామగారికి మింగుడు పడక పొట్టకి పెగ్ ట్యూబు, అంటే ఆహారం నేరుగా కడుపులోకి వెళ్ళే గొట్టం, వేశారు. అంబాజీపేట వచ్చేశాక, అమలాపురం నుంచి నర్సుల్ని పంపే సర్వీసు మాట్లాడుకున్నాం. విజిట్‌కి 500. మా ఊరికి ఎక్కువే, కానీ ఆ సిస్టర్ పనితనానికి ఇవ్వచ్చు.

డ్రెస్సింగ్ అంటే దూది మార్చి వెళ్ళిపోతారనుకున్నాను. ఆవిడ చేతులు కడుక్కుని, "తాతగారూ, ఓసారి పొట్ట చూస్తానండి" అని ముందు గొట్టాన్ని పొట్టకి పట్టి ఉంచే, పైనున్న ప్లాస్టిక్ బిళ్ళ చూసింది. గొట్టంలో పోసే ఆహారం (ఫీడ్) పడి ఆయన ఒళ్ళు తేరింది కదా, బిళ్ళ బిగిసిపోయి చర్మం మీద గుండ్రంగా అచ్చు పడింది. దాన్ని కాస్త వదులు చేసి, గొట్టాన్ని కొంచెం లోపలికి తోసి, వేళ్ళ మధ్య మెల్లగా తిప్పింది. తిరిగింది. "తిరగకపోతేనే కంగారండి" అంది. బిగువుగా వదిలేస్తే, గొట్టం ఊడిరాకుండా కడుపు లోపల ఉండే ఇంకో బిళ్ళ కడుపు గోడలోకి కూరుకుపోతుందట. బరీడ్ బంపర్ అంటారు. ఫీడ్ దిగదు, గొట్టం కదలదు, ఒక్కోసారి ఆపరేషన్ దాకా పోతుంది. ఇంత ముఖ్యమైన సంగతి మా డిశ్చార్జి కాగితంలో లేకపోవడం నాకు చాలా బాధనిపించింది.

రంధ్రం పక్కన ఎర్రగా, తడిగా కండ పెరిగింది. పక్కింటి పిన్నిగారు పసుపు అద్దమంటే సిస్టర్ ససేమిరా అంది. మన ఉక్కకి గాజుగుడ్డ మందంగా కుక్కితే చెమ్మ నిలిచి ఇంకా పాడవుతుందని, శుభ్రంగా తుడిచి పొడిగా ఉంచమంది. చీము, జ్వరం, వాపు కనిపిస్తే డాక్టరు దగ్గరికే. ఫీడ్‌కి ముందూ వెనకా గోరువెచ్చటి నీళ్ళు సిరంజితో ఎక్కించడం, తల ఎత్తుగా పెట్టి తర్వాత అరగంటైనా అలాగే ఉంచడం నాతోనే చేయించింది. రాగి జావ గుడ్డలో వడగట్టినా పలుకులు అడ్డుపడతాయి, జాగ్రత్త.

నేను ఒక స్టార్ తగ్గించింది సర్వీసు వాళ్ళు రాత్రి ఫోన్ ఎత్తనందుకు. గొట్టం ఊడొస్తే తెల్లారేదాకా ఆగడానికి లేదు, గంటల్లోనే రంధ్రం పూడుకుపోతుంది. వేసిన నెలలోపైతే ఇంట్లో అసలు దూర్చకూడదు, ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. లంకల్లో ఉండేవాళ్ళు డబ్బు కట్టేముందే, వరదప్పుడు పడవ దాటి వస్తారా అని అడగండి. మాకు ఆ ఇబ్బంది లేదు, ఈ నెల కూడా ఆ సిస్టర్నే పంపమన్నాం.