గంగా డాల్ఫిన్‌కు ఏది మేలు: అభయారణ్యమా, జాలరుల సాయమా?

బిహార్‌లో సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా గంగను 1991లో విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యంగా ప్రకటించారు. చట్టం అండ ఉంది, వేటగాళ్లకు భయం ఉంటుంది. కానీ ఆ రక్షణ దాదాపు 60 కిలోమీటర్లకే. డాల్ఫిన్లు ఆ హద్దు దాటి తిరుగుతూనే ఉంటాయి.

రెండో దారి జాలరులను కలుపుకుపోవడం. డాల్ఫిన్ ఊపిరి కోసం మాటిమాటికీ పైకి రావాలి. నైలాన్ వలలో చిక్కుకుంటే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఆ సమయానికి దగ్గర్లో ఉండేది వల వేసినవాడే. చేపలకు ఎరగా వాడే డాల్ఫిన్ నూనెకు బదులు చేప వ్యర్థాల నూనె పనికొస్తుందని పట్నా పరిశోధకులు చూపించారు కూడా. అయితే డాల్ఫిన్‌ను విడిపించడానికి వల కోస్తే ఆ నష్టం ఎవరో భరించాలి.

నా ఓటు రెండోదానికే. అభయారణ్యం ఉండాల్సిందే, కానీ డబ్బు ముందుగా కోసిన వలల పరిహారానికి వెళ్లాలి.