డిజైనర్‌కి ఇచ్చిన 81,000: నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాక నా అభిప్రాయం

ఇంటీరియర్ డిజైనర్‌కి ఫీజు ఇవ్వడం దండగా కాదా అని ఎవరైనా అడిగితే నేను ముందు మా హాలు పక్కనున్న పరుపుల అల్మారా తెరిచి చూపిస్తాను. అవిలాల వైపు మాది 1,350 చదరపు అడుగుల ఇల్లు. అడుగుకి 60 చొప్పున 81,000 ఇచ్చాం. అది డిజైన్‌కి మాత్రమే. ఆ డబ్బుకి వంటగది, వార్డ్‌రోబులు, టీవీ గోడ, కరెంటు పాయింట్లు అన్నిటికీ డ్రాయింగులు వచ్చాయి. వాటిలో చాలావరకు అనుభవం ఉన్న కార్పెంటర్ ఎవరైనా చేసి పెట్టేవాడే. ఈ అల్మారా మాత్రం మా డిజైనర్ అమ్మాయి అడిగిన ఒక ప్రశ్న వల్ల పుట్టింది.

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, మధ్యలో ఎవరి పిల్లాడికో పుట్టువెంట్రుకలు. చుట్టాలు వస్తూనే ఉంటారు. రాత్రి పొద్దుపోయాక రేణిగుంటలో రైలు దిగి వస్తారు. శ్రీనివాసం దగ్గరో విష్ణు నివాసం దగ్గరో దర్శనం టోకెన్ల క్యూలో ముందుండాలని తెల్లారకముందే లేస్తారు. మా పాత అద్దె ఇంట్లో వాళ్ళ సూట్‌కేసులు సోఫా వెనక, పరుపులు మంచాల కింద, దిండ్లు బీరువా మీద ఉండేవి. వచ్చినవాళ్ళకీ ఇబ్బంది, మాకూ ఇబ్బంది.

మేం మాట్లాడిన మిగతా డిజైనర్లు బడ్జెట్ ఎంత, ఏ రంగు ఇష్టం, ఫాల్స్ సీలింగ్ కావాలా అని అడిగారు. ఈ అమ్మాయి మా అత్తమ్మ పక్కన కూర్చుని, "దర్శనానికి ఒకేసారి ఎంతమంది వస్తారు పెద్దమ్మా? ఎన్నింటికి లేస్తారు?" అని అడిగింది. అత్తమ్మ మొత్తం చెప్పింది. పది మంది దాకా వస్తారని, బాత్‌రూం దగ్గరే గొడవని, లైట్లు వేస్తే పిల్లలు లేచి ఏడుస్తారని. ఆ అమ్మాయి అన్నీ రాసుకుంది.

తర్వాత వచ్చిన డ్రాయింగులో టీవీ గోడ సగానికి తగ్గింది. పూజ గది పక్క గోడకి ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల లోతున అల్మారా వచ్చింది. కింది అర మోకాలి ఎత్తులో ఉంటుంది, సూట్‌కేసు ఎక్కువ ఎత్తకుండా తోసేయొచ్చు. మధ్యలో పరుపులు నిలువుగా చుట్టి పెట్టేంత ఖాళీ, ఆ పైన దుప్పట్లు, దిండ్లు. ముక్కిపోయిన వాసన రాకుండా తలుపులకి గాలి ఆడే పట్టీలు పెట్టింది. లోపలి పక్కన వరసగా ఆరు సాకెట్లు ఇచ్చింది, అందరి ఫోన్లూ అక్కడే ఛార్జింగ్. వాష్‌బేసిన్‌ని బాత్‌రూంలోంచి తీసి బయటికి తెచ్చింది. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు పళ్ళు తోముకోవచ్చు. నడవాలో నేలకి జానెడు ఎత్తున చిన్న లైటు పెట్టించింది. తెల్లవారుజామున మూడింటికి ఐదుగురు లేచి తయారై వెళ్ళిపోయినా మా పిల్లలకి తెలియదు. మొన్న సెలవుల్లో గుంటూరు నుంచి వచ్చిన మా వదిన కొండకి వెళ్ళొచ్చాక దర్శనం సంగతి కంటే ముందు ఈ అల్మారా కొలతలే అడిగింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక ఖర్చు. అంతా వాళ్ళే చేసి ఇచ్చే కంపెనీలు డిజైన్ ఉచితం అంటాయి. ఆ డబ్బు అడుగు రేటులోనే కలిసి ఉంటుంది. మాకొచ్చిన కొటేషన్‌లో అల్మారాలకి అడుగు 1,450. కొలత ముందు భాగానికే, అంటే వెడల్పుని ఎత్తుతో గుణించడమే. లోపల పది డ్రాయర్లున్నా ఖాళీ గూడున్నా రేటు ఒకటే. ఆ లెక్కన మా పరుపుల అల్మారా 48 అడుగులు, 69,600. దాని లోపల చాలావరకు ఖాళీయే కాబట్టి మా కార్పెంటర్‌కి సామాను, కూలీ కలిపి 42,000లో అయిపోయింది. ఇల్లు మొత్తానికి కంపెనీ కొటేషన్ 8,60,000, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే పది లక్షలు దాటుతుంది. మాకు డిజైన్ ఫీజుతో కలిపి 8,71,000 అయింది.

ఈ లెక్క చూసి డిజైన్ ఫీజు విడిగా ఇవ్వడమే లాభమని మొదటి ఏడాది అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ప్లైవుడ్, లామినేట్, కీలు, హ్యాండిల్ అన్నీ మా ఆయన షాపుల చుట్టూ తిరిగి తెచ్చారు. ఆయనకి షిఫ్ట్ డ్యూటీ, పగలు ఖాళీ దొరికేది. ఇద్దరూ తొమ్మిది నుంచి ఆరు దాకా ఆఫీసులో ఉండే ఇంట్లో ఆ తిరుగుడికి సెలవులు పెట్టాల్సిందే. ఆ సెలవుల విలువ కూడా కలిపితే మిగిలేది తగ్గుతుంది.

రెండో సంగతి నాకు నిజంగా బాధ కలిగించింది. మూడో ఏడు వానాకాలంలో సింక్ కింద పెట్టె ఉబ్బింది. పైపు దగ్గర సన్నటి చెమ్మ, అంతే. డ్రాయింగులో అక్కడ ఐఎస్ 710 అని స్పష్టంగా రాసి ఉంది, అంటే నీటిని తట్టుకునే మెరైన్ ప్లై. విప్పి చూస్తే షీటు మీద ముద్ర ఐఎస్ 303. అంటే మామూలు పనులకి వాడే ప్లై, అందులో ఎంఆర్ (తేమకి ఓర్చే) రకం గాలిలో తేమ వరకే ఓర్చుకుంటుంది, తడి తగిలే చోట నిలవదు. షాపు బిల్లులో 710 రేటే వేశారు. షాపులో అడిగితే కార్పెంటర్ మార్చాడన్నారు, కార్పెంటర్‌ని అడిగితే షాపు నుంచి వచ్చిందే కోశానన్నాడు. డిజైనర్‌కి ఫోన్ చేస్తే పాపం వచ్చి చూసింది, కానీ మా ఒప్పందంలో సామాను తనిఖీ లేదు. డ్రాయింగు, రెండు మూడు సార్లు సైట్‌కి రావడం, అంతవరకే. ఆమె చెప్పింది న్యాయమే. కానీ 81,000 తీసుకున్న మనిషి ప్లై దిగిన రోజు ఒక్కసారి వచ్చి ముద్ర చూసి ఉంటే పని అక్కడితో తేలిపోయేది కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ పెట్టె మార్చడానికి 14,000 అయింది.

అల్మారాలో కూడా చిన్న చిన్న లోపాలున్నాయి. తలుపు పట్టీల సందుల్లో దుమ్ము పేరుకుంటుంది, బ్రష్ పెట్టి తుడవాలి. అన్నిటికన్నా పై అర స్టూలు వేసుకున్నా నాకు అందదు, ఎవరైనా ఎత్తరి ఇంట్లో ఉంటేనే దాన్ని వాడతాం. బయటి వాష్‌బేసిన్‌కి ఆమె నల్ల రంగు ఎంచింది. ఫొటోలో చాలా బాగుంది. మా బోరు నీళ్ళకి వారం తిరక్కుండా తెల్ల మరకలు కడుతుంది. తెల్లది పెట్టించుకోండి.

మళ్ళీ కట్టుకుంటే డిజైనర్‌ని పెట్టుకుంటానా? మా ఇంటికైతే పెట్టుకుంటాను. మాది సొంత ఇల్లు, అత్తమ్మ మాతోనే ఉంటుంది, చుట్టాల రాక ఆగదు. ఇద్దరే ఉండే రెండు గదుల ఫ్లాట్ అయితే మంచి కార్పెంటర్, కరెంటు పాయింట్లకి ఒక డ్రాయింగు చాలేమో. అద్దెకిచ్చే ఇంటికైతే అసలు వద్దంటాను.

మా తమ్ముడు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఇల్లు కడుతున్నాడు. అదే అమ్మాయిని అడిగితే ఇప్పుడు అడుగుకి 80 చెప్పింది, రానుపోను ఖర్చు వేరే. ప్లై దిగిన రోజు, వంటగది బిగించే రోజు తప్పకుండా వచ్చి చూడాలని కాగితం మీద రాయించుకోమన్నాను. దానికి ఆమె ఇంకో 10,000 అడుగుతోంది. ఇవ్వమనే చెప్పాను, వాడు ఇంకా ఆలోచిస్తున్నాడు.